సరంగు గారి మెత్తటి సీటు

సముద్రంలో కలిసే ముందు ఆ ఏటిపాయ బాగా వెడల్పవుతుంది. ఇవతలి ఒడ్డున మడచెట్లు, బురద, ఎండకు మాడిపోయిన గడ్డి. అవతలి లంకలో మాత్రం నడివేసవిలో కూడా పచ్చిక మోకాలెత్తున ఉంటుంది. మధ్యలో, పోటు తగ్గి నీళ్లు తీసినప్పుడు బయటపడే ఇసుక మేట ఒకటి. ఇవతలి ఒడ్డు నుంచి మేట దాకా నిలువులోతు నీళ్లు, మేట నుంచి లంక దాకా మోకాలి లోతు.

ఒడ్డునున్న జంతువులకు ఒక బుల్లి తెరచాప పడవ ఉంది. ఎవరో మనుషులు వదిలేసి పోయింది. దానికి ఒక్కటే కట్టుబాటు: పడవలో ఉన్నంతసేపు ఎవరూ ఎవరినీ తినకూడదు. పులి ఎక్కినా సరే, పక్కన జింక కూర్చుంటే పిల్లాపాపల గురించి అడిగి ఊరుకోవాల్సిందే. దిగాక ఎవరి కాళ్ల సత్తువ వాళ్లది.

ఇన్నాళ్లూ చుక్కాని పట్టిన గూడబాతు ఆ ఏడు చుట్టాలింటికని ఎగిరిపోయి మళ్లీ రాలేదు. ఖాళీ అయిన ఉద్యోగానికి సింహాచలం వచ్చాడు. సింహాచలం అంటే నక్క. ఆ పేరు పెట్టిన తల్లి ఏం ఆశపడిందో గానీ, మనవాడికి సింహంతో ఉన్న సంబంధమల్లా అది తిని వదిలేసిన ఎముకలే.

"నేటి నుంచి సరంగుని నేనే," అన్నాడు గట్టు ఎక్కి. "మొదటి పడవలో ఎవరు వస్తారు?"

అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. చివరికి మేక లోవమ్మ ముందుకొచ్చింది. పక్కన ఇద్దరు పిల్లలు, డొక్కలు లోపలికి పోయి ఉన్నారు. తల్లికి పాలు ఆరిపోయాయి. ఇక్కడే ఉంటే పిల్లలు ఈ ఎండలు దాటరని ఆమెకు తెలుసు.

"మేం వస్తామండి," అంది.

సింహాచలానికి ఆ మాట వినగానే నోట్లో నీళ్లూరాయి. పైకి మాత్రం పెద్దమనిషిలా తలాడించాడు. ఆలోచన అప్పటికే తయారు. పడవలో తినకూడదు, సరే. మేట మీద తినకూడదని ఎవరన్నారు? పడవని తీసుకెళ్లి ఇసుకలోకి ఎక్కించెయ్యడం, అయ్యో పొరపాటని నాలుక కరుచుకోవడం, అందరూ దిగి తొయ్యండర్రా అనడం. వాళ్లు దిగుతారు, తనూ దిగుతాడు. కట్టుబాటుకి కట్టుబాటు, భోజనానికి భోజనం. ఎంత ధర్మంగా ఉందో అనుకుని మురిసిపోయాడు.

ఇక మిగిలింది సీటు. పడవ వెనక చుక్కాని పట్టేవాడికి చిన్న గుంటలాంటి చోటు ఉంది. అందులో అటో చెక్క, ఇటో చెక్క. గూడబాతు గాలిని బట్టి కాసేపు ఇటూ కాసేపు అటూ కూర్చునేది. సింహాచలం ఆ చెక్క మీద కూర్చుని చూసి, వెంటనే లేచాడు.

"ఇది సీటా? నా తుంటి ఎముక చెక్కతో మాట్లాడుతోంది!" అని అరిచాడు. "గవర్రాజూ!"

గవర్రాజు కోతి. ఆ ఒడ్డున వడ్రంగం అతనిదే. చెట్టు దిగి వచ్చాడు.

"ఆయ్, ఏం కావాలండి?"

"హాయిగా ఉండే సీటు కావాలి. నేను చుక్కాని పడుతుంటే నా ఒళ్లు నిద్రపోతుండాలి."

గవర్రాజు మొదట చిరిగిన వలని చుట్టచుట్టి వేశాడు. సింహాచలం దాని మీద పడుకుని ముక్కు ఎగబీల్చాడు. "వద్దురా. చేపల వాసనకి నన్ను నేనే కొరుక్కుంటాను." తర్వాత ఒడ్డుకి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ స్టూలు తెచ్చాడు. కూర్చోగానే ఒక కాలు ఇసుకలో దిగిపోయి, సరంగు గారు తోకతో సహా బోర్లాపడ్డారు. పీతలు నవ్వాయి. పీతలు నవ్వితే ఎలా ఉంటుందో తెలియదు గానీ, ఆయనకి మాత్రం నవ్వినట్టే అనిపించింది.

లోవమ్మ అదంతా చూస్తూ ఉంది. ఆమె మొన్నమొన్నటి దాకా మనుషుల దగ్గర గుంజకి కట్టేస్తే బతికిన మేక. తాడు పెట్టే బాధ ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. సింహాచలం ఇందాకటి నుంచీ మేట ఎంత వెడల్పు, నీళ్లు ఎప్పుడు తీస్తాయి అని వచ్చేపోయే వాళ్లందరినీ అడుగుతున్నాడు. లంకలో ఎక్కడ దిగాలని మాత్రం ఒక్కర్నీ అడగలేదు. అది కూడా లోవమ్మ చెవిన పడింది.

"సరంగు గారూ," అంది దగ్గరికొచ్చి. "మీ హోదాకి చెక్కలూ స్టూళ్లూ ఏంటండి? ఆ మడచెట్ల మొదట్లో చేతుల కుర్చీ ఒకటి చిక్కుకుని ఉంది. వరదకి వచ్చింది. అధికార్లు కూర్చునే రకం."

సింహాచలం చెవులు నిక్కబొడుచుకున్నాయి. "చేతుల కుర్చీయా?"

"చేతులూ, వీపుకి ఆనుడూ. దాని కాళ్లు కోసేసి చెక్కకి మేకులు కొట్టిస్తే కదలదు. మెత్తదనానికి పాత బొంత మడతలు పెట్టి దట్టంగా కూరండి. గాలికి మీ మెడ పట్టేస్తుందేమో, అటో దిండు ఇటో దిండు గట్టిగా ఇరికిస్తే తల అటూ ఇటూ పోదు."

"ఆహా! ఎంత ముందుచూపు లోవమ్మా నీకు!"

"ఇంకొక్కటండి. అల వస్తే మీరు జారిపోతే మా గతేంటి? నడుం చుట్టూ కొబ్బరితాడు వేసి, వెనకాల ముడి వేయిస్తే భద్రం. మీరు మాకు ముఖ్యం కదండి."

ఈ చివరి మాటకి సింహాచలం కళ్లు చెమర్చాయి. తన గురించి ఇంత ఆలోచించినవాళ్లు జన్మలో లేరు. తినేటప్పుడు ఈమెని ఆఖర్న తినాలి, అంత మర్యాదైనా చెయ్యకపోతే ఎలా అనుకున్నాడు.

సాయంత్రానికి సీటు తయారైంది. పడవ ఇంకా ఒడ్డున ఇసుకలో నిటారుగా నిలబడి ఉంది. సింహాచలం అందులో కూర్చున్నాడు. బొంత మడతల్లోకి దిగబడ్డాడు. దిండ్ల మధ్య తల ఇరుక్కుంది. కుర్చీ చేతుల మీద మోచేతులు వాలిపోయాయి. తాడు వదులుగా, నడుం మీద చెయ్యి వేసినట్టు ఉంది. కళ్లు మూతలుపడ్డాయి.

"ఓసారి నీళ్లలో దించి చూద్దామండి," అన్నాడు గవర్రాజు తల గోక్కుంటూ. "కుర్చీ ఎడంపక్క చెక్కకే కొట్టాను. గాలి తిరిగితే సరంగు అటు మారాలి కదండి."

"మారడమా? పని ఉన్నవాళ్లు మారతారు. నాకు సీటుంది," అన్నాడు సింహాచలం కళ్లు తెరవకుండానే.

మర్నాడు పొద్దున్నే, నీళ్లు తీయగానే పడవ కదిలింది. సరంగు గారు కుర్చీలో, గవర్రాజు వెనకాల వేసిన ముడితో. లోవమ్మ, పిల్లలు కుడిపక్క ఉత్త చెక్క మీద. కుడి నుంచి గాలి అందుకుంది, తెరచాప ఉబ్బింది, పడవ ఎడమకి ఒరిగింది.

"అమ్మా, పడవ పడుకుంటోందేంటే?" అన్నాడు చిన్నోడు.

"దాని అలవాటే అంత. కాళ్లు ఎదుటి చెక్కకి తన్నిపెట్టి కూర్చోండి."

మేకలకి వాలు కొత్తేం కాదు. మహా సుఖంగా కూర్చున్నారు. వాలిన పక్కంతా సరంగు గారిదే. అల వచ్చినప్పుడల్లా ఇన్ని నీళ్లు తన్నుకొచ్చి ఆయన ఒళ్లోనే పడ్డాయి. బొంత తాగింది. దిండ్లు తాగాయి. కొబ్బరితాడూ తాగింది. సింహాచలానికి అడుగున చల్లగా ఉంది, నడుం దగ్గర కాస్త బిగుతుగా ఉంది. అయినా ఆయన పట్టించుకోలేదు. ఎదురుగా మేట కనపడుతోంది మరి.

చుక్కాని ఓ మెలిక తిప్పాడు. పడవ ఇసుకలోకి సర్రున ఎక్కి ఆగిపోయింది.

"అయ్యయ్యో!" అన్నాడు, నాలుక కరుచుకుని. "ఎంత పొరపాటైపోయింది! దిగండి లోవమ్మా, అందరం దిగి తోద్దాం."

"అలాగేనండి." లోవమ్మ దూకింది. పిల్లలిద్దరూ దూకారు. తడి ఇసుకలో నిలబడి వెనక్కి తిరిగి చూశారు.

సింహాచలం లేవబోయాడు. తాడు నడుముని కోసింది. పక్కకి జారబోయాడు, కుర్చీ చేతులు పట్టుకున్నాయి. తల వంచి తాడు కొరకబోయాడు, దిండ్లు ఉబ్బి దవడల్ని నొక్కేశాయి. పొట్ట లోపలికి పీల్చాడు. అక్కడ పీల్చడానికి చోటుంటే కదా!

"లోవమ్మా, వెనకాల ముడి కాస్త వదులు చెయ్యి."

"తడిసిన కొబ్బరితాడు ముడి ఊడదండి. వానాకాలం మెడకి తాడుతో ఎన్ని రాత్రులు చచ్చానో నాకు తెలుసు. ఎండితేగానీ రాదు."

"అంటే..." సింహాచలానికి అప్పుడు వెలిగింది. "నువ్వు కావాలనే!"

"మీరు మేటకే తెస్తారని తెలుసు. నాకూ మేట దాకానే కావాలి. ఇక్కణ్నుంచి లంకకి మోకాలి లోతేగా." లోవమ్మ పిల్లల్ని తన వెనక్కి నెట్టుకుంది. "నా పిల్లల వైపు మీరు చూసిన చూపుకి నాకు రాత్రంతా నిద్ర లేదు. సీటు మాత్రం మీకు నచ్చిందే చేయించాను. ఏది వద్దన్నారో చెప్పండి?"

అన్నీ ఆయన ఔనన్నవే.

"తొయ్యమన్నారుగా," అంది లోవమ్మ. తల్లీపిల్లలు ముగ్గురూ కొమ్ములూ నుదుళ్లూ ఆనించి ఒక్క ఊపున తోశారు. పడవ నీళ్లలోకి జారి, ముక్కు ఇవతలి ఒడ్డు వైపు తిప్పుకుంది. ఇప్పుడు గాలి అటుపక్క నుంచి. సీటు ఉన్న పక్క పైకి లేచింది. సరంగు గారు కుర్చీతో సహా తాటిచెట్టు మీద కల్లుకుండలా వేలాడారు. చుక్కాని వదిలితే పడవ సముద్రం పాలు. అందుకని తిట్టుకుంటూ, ఏడ్చుకుంటూ బుద్ధిగా పట్టుకున్నారు. మేట మీద పడవెక్కిన రెండు పీతలు దారిలో ఆయన కాళ్ల మీదుగా నడిచి, బొజ్జ ఎక్కి, ముక్కు మీద ఆగి ఊరు చూశాయి. పడవలో ఎవరినీ తినకూడదు కదా, ధైర్యంగానే చూశాయి.

వెనక్కి చూడ్డానికి మెడ తిరగలేదు గానీ, లంకలో పిల్లలు పచ్చికలోకి గెంతుతూ అరిచిన అరుపు ఆయన చెవిన పడింది.

ఒడ్డున జనం పోగయ్యారు. గవర్రాజు పరుగున వచ్చాడు.

"ఆయ్, లోవమ్మని దింపేసి అప్పుడే వచ్చేశారా! మంచి సరంగండి బాబూ! సీటెలా ఉందండి?"

సింహాచలం చుట్టూ చూశాడు. ముడి బిగిసిందంటే, దారిలో ఎందుకు లేవబోయాడో చెప్పాలి. అది చెబితే మేట సంగతి చెప్పాలి. నీళ్లు కారుతున్న మీసం సర్దుకుని, పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు.

"దివ్యంగా ఉందిరా. లేవబుద్ధి కావడం లేదు."

"అయితే కూర్చోండి, మిమ్మల్ని కదపం," అని గవర్రాజు అందర్నీ పంపేశాడు. తాడు ఎండి ముడి వదులయ్యే దాకా సరంగు గారు ఆ హాయిలోనే ఆకలితో కూర్చున్నారు.

కూర్చోబోయే చోటు మెత్తగా ఉందా అని చూసుకునేవాడు, అక్కణ్నుంచి లేవడానికి వీలుందా అని కూడా చూసుకోవాలి.