కుండల కింద వెలసిన బోణీలమ్మ

ఎర్రగుట్ట దిగువన, గురువారం సంత జరిగే మైదానం నడుమ బోణీలమ్మ తల్లి గుడి ఉంది. గుడికి గోపురం లేదు, ప్రహరీ లేదు. నాలుగు రాతి స్తంభాలు, వాటిమీద ఒక కప్పు, అంతే. అమ్మవారు కూర్చుని, కుడి అరచేయి చాపి దర్శనమిస్తుంది. ఆ చేయి ఇవ్వడానికా, పుచ్చుకోవడానికా అని కొత్తగా వచ్చిన భక్తులు అడుగుతుంటారు. రెండింటికీ అని ఇక్కడివారి సమాధానం.

పూర్వం ఇక్కడ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఇదొక్కటే సంత. పడమటి కనుమ దాటి వర్తకుల బళ్ళు వచ్చి కుండలు, కంబళ్ళు, నూనె, బెల్లం కొనుక్కుపోయేవి. ఒక ఏడాది కొండచరియ విరిగిపడి కనుమ మూసుకుపోయింది. బళ్ళు వేరే తోవ పట్టాయి. వానలు లేక సంత చెడిందని కొందరు చెబుతారు. అది సరికాదు. పంటలు బాగానే పండాయి. కొనే చేయి లేక చెడింది.

ఆ రోజుల్లో ఇక్కడ గట్టి కట్టుబాటు ఒకటి ఉండేది. తన బోణీ, అంటే ఆ రోజు మొదటి అమ్మకం, జరగకముందు ఎవరూ చేతి రూకను బయటికి పోనివ్వకూడదు. పోనిస్తే ఆ ఇంట లక్ష్మి నిలవదని నమ్మేవారు. సరుకుకు సరుకు మార్చుకుంటే దాన్ని బోణీగా ఒప్పుకునేవారు కాదు. బళ్ళు వచ్చినన్నాళ్ళూ తెల్లవారేసరికి వర్తకులే అందరి బోణీలూ చేసేవారు కనుక చిక్కు రాలేదు. బళ్ళు ఆగాక కంబళ్ళ సుంకన్నకు కుండ కావలసి వచ్చినా కొనడు. కుమ్మరి తిప్పమ్మకు కంబళి కావలసి వచ్చినా కొనదు. ఇద్దరి మూటలోనూ రూక ఉంది. ఎదుటివారే ముందు కొనాలని ఇద్దరూ చూసేవారు. సంతంతా అంతే. అలా గానుగలు ఆగాయి, మగ్గాలు మూలపడ్డాయి, ఇళ్ళకు తాళాలు పడసాగాయి.

తిప్పమ్మ అమ్ముడుపోని కుండలను ఇంటికి మోయలేక సంతలోనే పేర్చిపెట్టేది. వారం వారం ఆ గుట్ట పెరిగింది. చివరికి ఆమె భర్త ఓబులేసు, ఈ గురువారం కూడా బోణీ కాకపోతే కుండలు చేసే సారెను బండికెత్తి వలస పోదామని తేల్చి చెప్పాడు. దారి ఖర్చుకని మిగిలిన ఒక్క రూకను భార్య కొంగున ముడి వేయించాడు. కోడలికి నెలలు నిండాయి. చలికాలం. ఇంట్లో ఒక్క కంబళి లేదు.

సంతకు ముందు రాత్రి తిప్పమ్మ కలలో ఎర్రచీర కట్టిన ఒక పెద్దముత్తైదువ కనిపించి, బరువు కింద తనకు ఊపిరి ఆడడం లేదని చెప్పింది. ఆ కుండలు మోసి దింపుతానని తిప్పమ్మ కలలోనే లేవబోయింది.

"మోసి దింపకు. అమ్మి దింపు."

కొనేవారు లేరని తిప్పమ్మ మొరపెట్టుకుంది. ఆ తల్లి నవ్వింది.

"అందరూ అమ్మేవాళ్ళయితే కొనేది నేనా?"

తెల్లవారి సంత కూడగానే తిప్పమ్మ సుంకన్న దగ్గరకు వెళ్ళి కొంగు ముడి విప్పింది. సుంకన్న చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు వదినా. నీకింకా బోణీ కాలేదు. నీ రూక ముట్టుకుంటే పాపం నాకు చుట్టుకుంటుంది."

"ఆ పాపం నాకు వదిలెయ్. కంబళి ఇటు వెయ్యి."

ఓబులేసు తల పట్టుకున్నాడు. దారి ఖర్చు పోయింది, ఇక ఈ కుండల్లోనే కాపురం పెట్టమని భార్యను దెప్పాడు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. కానీ సుంకన్నకు బోణీ అయింది. ఎన్నాళ్ళుగానో ఇంట్లో నూనె లేని సుంకన్న లేచి గానుగవారి దగ్గరకు నడిచాడు. బోణీ అయిన గానుగవారు జొన్నల రైతు దగ్గరకు వెళ్ళారు. రైతు భార్య నేరుగా తిప్పమ్మ ముందుకు వచ్చి, మోగించి చూసి, ఒక కుండ తీసుకుంది. అప్పటికి నవ్వినవారి చేతులు కూడా మూటల మీదికి పోయాయి. ఇన్నాళ్ళూ దాచిన రూకలు ఒక్కసారిగా కదిలాయి. మధ్యాహ్నానికి సంతలో గొంతులు లేచాయి. గీచి గీచి బేరాలాడుతున్న ఆ కేకలు విని, వలస బళ్ళు కట్టుకున్నవారు సైతం ఎడ్లను విప్పారు.

పొద్దు వాలే వేళకు తిప్పమ్మ చివరి కుండ ఎత్తి ఇచ్చింది. దాని కింద నేలలో నుంచి ఒక రాతి అరచేయి పైకి చాపి కనిపించింది. ఓబులేసే తన చేతులతో మట్టి తవ్వి అమ్మవారిని బయటికి తీశాడు. మర్నాడు మనవరాలు పుట్టింది. ఆ బిడ్డను సుంకన్న నేసిన కంబళిలోనే తెచ్చి అమ్మ ముందు పడుకోబెట్టారు. సరుకు నిలవని సంత ఉందని విన్న వర్తకులు మనుషులను పెట్టి కనుమ దారి తవ్వించుకుని మరీ తిరిగి వచ్చారు. వలసపోయిన నేతగాళ్ళు వచ్చి ఇళ్ళ తాళాలు తీశారు.

నేటికీ గురువారం నాడు దుకాణం తెరిచే ప్రతివారూ ముందు పక్కవారి దగ్గర ఏదో ఒకటి కొంటారు. తిప్పమ్మ వంశపు పూజారి, భక్తులు అమ్మ అరచేతిలో ఉంచిన నాణెం తీసుకుని, కిందటి వారం ఎవరికి బేరం సాగలేదో వారికి తొలి బోణీ చేస్తాడు. కొత్తగా వ్యాపారం పెట్టేవారు ఇక్కడికి వచ్చి ముందు కొని, ఆ తరువాతే తమ సరుకు అమ్ముతారు. అలా చేసినవారి చేయి ఎన్నడూ ఖాళీగా ఉండదు. ఊరికి దూరంగా పెద్ద రోడ్డు పడినప్పుడు ఈ సంత ఇక మూతపడుతుందని పందెం కాసినవారున్నారు. వారు ఇప్పటికీ బెల్లం ఇక్కడే కొంటున్నారు.

మార్గశిర మాసపు జాతరలో అమ్మవారిని తెల్లవారుజామున నిలువునా కుండలతో కప్పుతారు. ఆ కుండలన్నీ అమ్ముడైతేనే దర్శనం. కనుక భక్తులు తలా ఒకటి కొనవలెను. ఇన్ని తరాలలో అమ్మ ముఖం చూడకుండా పొద్దు గుంకిన జాతర ఒక్కటీ లేదు.