నల్లబండకు తొలి చేప

చిన్న కథే. నోట్లో వేసుకున్న బెల్లంముక్క కరిగేలోగా అయిపోతుంది. అనగనగా ఒక రాజు. ఆయన మీసాలకు నూనె రాయడానికే ముగ్గురు మనుషులుండేవారు. సరే, ఇది మీసాల కథ కాదు.

ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల, రాళ్ల తీరంలో, ఒక మాంత్రికుడు రాజకుమారిని దాచాడని తెలిసి పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, రాలేదు. మిగిలింది సుకేతుడు. తల్లి కలిపిన ముద్దనైనా వాసన చూసిగాని తినడు. అన్నలను తెస్తానని బయలుదేరాడు. పడవవాణ్ణి నమ్మక తెడ్డు తనే వేశాడు. అందుకే ఏడాది పట్టింది.

తీరంలో రెండు రాళ్లు అచ్చం అన్నల్లాగే ఉన్నాయి. పెద్దన్న పొట్టతో సహా. వాటి మధ్య ఒక నల్లబండ. ఎండుచేపలు ఆరబెట్టే పోలమ్మ ఆ బండ మీద ఒక చేప పెట్టింది.

"ఎవరికవ్వా అది?"

"బండకి బాబూ. వలలో పడిన తొలి చేప బండదే."

"తినేదెవరు?"

"మా తాత అడగలేదు, మా అయ్య అడగలేదు. నువ్వొచ్చావు అడగడానికి!"

రాతి సందులోంచి ఒక చిలక పలికింది. "రాజకుమారా! మాంత్రికుడి ప్రాణం ఆ బండలో ఉంది. మూడు రోజులు చేప అందకపోతే చస్తాడు. మీ పెద్దన్న నా పీక పట్టుకుని రాయయ్యాడు. రెండో అన్న నన్ను నమ్మాడుగాని, తొందరపడి బండను కత్తితో కొట్టి రాయయ్యాడు."

"మాంత్రికుల ప్రాణం చిలకల్లో ఉంటుందని పసిపిల్లలకు కూడా తెలుసు. కాదని చిలకే చెబితే నమ్మాలా? అయినా జామచెట్టు లేనిచోట నీకేం పని?" అన్నాడు సుకేతుడు.

అంతలో బండ మీది చేప మాయమైంది. కాకులన్నీ ఎండుచేపల దగ్గరే ఉన్నాయి. బండ మీద ఒక్కటీ వాలలేదు.

"నా కళ్లముందే దొంగతనమా!" అనుకున్నాడు. మర్నాటి నుంచి పోలమ్మ చేప పెట్టీ పెట్టగానే లాక్కుని, కాల్చుకుని తినేశాడు. దొంగ దొరికేదాకా చేపకు తన కడుపే భద్రమట.

"దొంగను పట్టుకోడానికా బాబూ, కడుపు నింపుకోడానికా?" అంది పోలమ్మ.

మొదటిరోజు బండకు చెమట పట్టింది. రెండోరోజు మూలిగింది. మూడోరోజు పగిలింది. లోపలినుంచి మాంత్రికుడు ఎండుచేపలా రాలిపడి చచ్చాడు. అన్నలిద్దరూ ఆవులిస్తూ లేచారు. చిలక రాజకుమారి అయింది.

సుకేతుడు మీసం దువ్వుకున్నాడు. రాజకుమారి వెళ్లి రెండో అన్న చేయి పట్టుకుంది.

"నా మాట నమ్మింది ఈయనొక్కడే" అంది.

వాళ్లకు పెళ్లయింది. అరవై ఏళ్లు రాజ్యమేలారు. సుకేతుడు మాత్రం పడవకు చిల్లుందేమోనని ఎక్కలేదు, తీరంలోనే ఉండిపోయాడు. బండ లేదు కనుక పోలమ్మ తొలి చేప ఆయన ముందే పెట్టసాగింది. ఆయన వాసన చూసి తింటాడు.

కాకులు ఆయన దగ్గర వాలవు.