రెండు పంగల ఇరుసు

అనగా అనగా, ఏరు కింద, ఊరు పైన ఉన్న ఒక రాజ్యం. దాని పేరు మిట్టపురం. ఏరేమో లోయలో, జనమేమో కొండ మీద! మరి నీళ్లెలా అంటారా? అక్కడే ఉంది వింత.

ఏట్లో ఒక జలచక్రం తిరిగేది. కొండ మీద బొక్కెనల గొలుసు తిరిగేది. రెండింటినీ కలుపుతూ మధ్యలో ఒక పొడుగాటి వాలు ఇరుసు. దానికి కింద ఒక ఇనుప కీలు, పైన ఒక ఇనుప కీలు. మోకాలు మడిచినట్టు ఇరుసు అక్కడ వంగేది, వంగి కూడా తిరిగేది! ఆస్థాన వడ్రంగి సింగోజు వాళ్ల తాత కట్టిన యంత్రమది. చూసిన ప్రతిసారీ మనవడు సింగోజుకు ఒళ్లు పులకరించేది.

ఒక వేసవిలో ఆముదం పూద్దామని సింగోజు ఆ ఇరుసును ఊడదీశాడు. అది రెండు ముక్కలు. ఒకదాని చదరపు మొన రెండోదాని గొట్టంలో దూరుతుంది. ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది, అదే చిక్కు! ఒక్కో ముక్క బయటి చివర కీలును పట్టుకునే ఇనుప పంగ ఒకటి, పంగలకర్రలా చీలి ఉంటుంది. తిరిగి బిగించేటప్పుడు సింగోజు ఒక పంగను నిలువుగా, రెండోదాన్ని అడ్డంగా ఉంచాడు. "అతుకు మీద అతుకు పడకూడదు" అన్నది వడ్రంగులు ఉగ్గుపాలతో నేర్చిన మాట. తలుపులకూ బల్లలకూ ఆ మాట నిజమే.

చక్రం వదిలారు. అమ్మ బాబోయ్! ఇరుసు పూనకం వచ్చినట్టు ఊగింది. స్తంభాలు అదిరాయి. బొక్కెనలు నీళ్లన్నీ దారిలోనే ఒలకబోశాయి.

"దిష్టి తగిలింది" అన్నాడు మంత్రి. గుమ్మడికాయ కొట్టారు. గుమ్మడికాయ పగిలింది, ఇరుసు ఊగింది.

"పట్టాలేసి బిగించండి, అదే లొంగుతుంది" అన్నాడు సేనాపతి. బిగించారు. పట్టాలు తెగాయి, ఇరుసు ఊగింది.

ఈలోగా ఊళ్లో తొట్లు అడుగంటాయి. పసిపిల్లలు గొంతు తడారి ఏడుస్తున్నారు. మూడోసారి రత్నకేతు మహారాజే దిగి వచ్చాడు. "ఇనుము కల్తీ! మొన్న ఊడదీసినప్పుడు కీళ్లకు కొత్త చీలలు కొట్టిన ఆ కమ్మరి కాచోజును దేశం దాటించండి" అన్నాడు.

కాచోజు పరుగున వచ్చి సింగోజు చెయ్యి పట్టుకున్నాడు. "సింగన్నా, నా ఇనుము సంగతి నీకు తెలీదా? నువ్వైనా చెప్పు!"

సింగోజు ముందుకు వచ్చాడు. "ఒక్క గడియ ఆగండి మహారాజా" అని, చక్రాన్ని మనుషుల చేత మెల్లగా, ఒకే వేగంతో తిప్పించాడు. తను ఇరుసు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

చక్రం నిదానంగానే తిరుగుతోంది. ఇరుసు మాత్రం ఒకచోట ఉరుకుతోంది, ఒకచోట వెనకాడుతోంది. కొండ మీదికి వెళ్లి చూస్తే ఆ ఉరుకు రెట్టింపైంది!

అప్పుడతనికి పెద్ద రంపం గుర్తొచ్చింది. దూలం కోసేటప్పుడు ఒకడు లాగితే ఒకడు వదలాలి. ఇద్దరూ ఒకేసారి లాగితే రంపం కదలదు. ఇక్కడా అంతే, రెండు కీళ్లూ ఒకేసారి ఉరికిస్తున్నాయి. కింది కీలు ఉరికిస్తే పై కీలు వెనక్కి పట్టాలి. పంగలు రెండూ ఒకే వైపు చూస్తేనే అది జరుగుతుంది. తాత అలాగే బిగించి ఉంటాడు!

గుట్టుగా సరిచేసి ఊరుకుంటే సింగోజు పరువు దక్కేది. కాచోజు మాత్రం పొలిమేర దాటేవాడు. సింగోజు చేతులు జోడించాడు.

"ఇనుము బంగారం లాంటిది మహారాజా. తప్పు నాది. ఊడదీసే ముందు గుర్తుకు ఒక్క గాటు కూడా పెట్టుకోలేదు. పంగలు అడ్డదిడ్డంగా బిగించాను."

రాజు కాచోజుకు వేసిన శిక్ష ఎత్తేశాడు. సింగోజు మొన లాగి, తిప్పి, పంగలు రెండూ ఒకే వైపు చూసేలా బిగించాడు. నీళ్లు నిండిన చెంబొకటి తెచ్చి స్తంభం మీద పెట్టాడు.

చక్రం వదిలారు. ఇరుసు గిర్రున తిరిగింది. చప్పుడు లేదు, అదురు లేదు. చెంబులో నీళ్ల మీద చిన్న అల కూడా లేవలేదు. రాజు చిన్నపిల్లాడిలా స్తంభం మీద చెయ్యి పెట్టి, "రెండు వంకరలు కలిసి ఇంత తిన్నగా నడుస్తాయా!" అన్నాడు. కొండ మీద నీళ్లు దుమికిన చప్పుడు వినిపించింది.

సింగోజు ఉలి తీసి కాచోజు చేతిలో పెట్టాడు. "రెండు ముక్కల మీదా కలిసేలా ఒక గాటు పెట్టు తమ్ముడూ. నా తర్వాతివాళ్లు తడబడకూడదు." కాచోజు కళ్లు తుడుచుకుని గాటు పెట్టాడు.

ఎదుటివాడి ఇనుమును తప్పుపట్టే ముందు, మన చేత్తో బిగించినదాన్ని మనమే ఒకసారి విప్పి చూసుకోవాలి.