పైడితల్లి పట్టిన పట్టు

విజయనగరంలో వేసవి సెలవుల్లో పెట్టిన ఆటల కామెంటరీ శిబిరంలో ప్రద్యుమ్న అనే కుర్రాడు ఉండేవాడు. వాడి గొంతు ఎంత చురుకో, కళ్ళు అంత బద్ధకం. ముందురోజే ఇంట్లో గొప్ప గొప్ప మాటలు రాసుకొచ్చి, ఎదుట ఆట ఎలా సాగినా అవే చదివేవాడు.

శిబిరంలో ఒక పద్ధతి ఉండేది. ఒకరు మైకులో చెబుతుంటే, పక్కన కూర్చున్నవారు ఆట చూసి, ఎవరు ఏం చేశారో చీటీ రాసి అందించాలి. ప్రద్యుమ్నకు చీటీలు రాసే పని రమీజా అనే అమ్మాయికి పడింది.

ఆఖరి రోజు ఆడపిల్లల కబడ్డీ పోటీ పెట్టారు. రమీజా గంట ముందే వెళ్ళి ఆడేవాళ్ళందరినీ పలకరించింది. పైడితల్లి అనే అమ్మాయి చొక్కా చిరిగిపోయింది. కాలు బెణికి ఆడలేకపోతున్న శ్రావణి తన నాలుగో నంబరు చొక్కా ఆమెకు ఇచ్చింది.

"మా నాన్న గేటు బయట చెరుకురసం తీస్తుంటాడు. బండి వదిలి రాలేడు. మైకులో వింటానన్నాడు. నా పేరు గట్టిగా చెప్పించండి" అంది పైడితల్లి.

రమీజా పెద్ద అక్షరాలతో రాసింది: "నాలుగో నంబరు పైడితల్లి. శ్రావణి కాదు."

ప్రద్యుమ్న ఆ చీటీని చూడకుండానే నీళ్ళ సీసా కింద పెట్టాడు. "పేర్ల పట్టిక నా దగ్గరుంది. నాకెందుకీ చీటీలు?"

"అది పాత పట్టిక. ఇది చదువు ముందు!"

"రాసేది నువ్వు, మాట్లాడేది నేను. జనం వినేది ఎవరి గొంతు?"

ఆట హోరాహోరీగా సాగింది. స్కోరు సమానమైంది. ఎదుటి జట్టు నుంచి ఆఖరి కూతకు వచ్చిన పొడుగమ్మాయి ఒకరిని తాకి, వెనక్కి గీతవైపు దూకింది. పైడితల్లి నేలమీద పడి ఆమె చీలమండ పట్టుకుంది. మోకాళ్ళు చెక్కుకుపోయినా వదల్లేదు. ఈల మోగింది.

అప్పుడు తలెత్తాడు ప్రద్యుమ్న. నాలుగో నంబరు కనిపించింది. "ఆడపులిలా దూకిన శ్రావణి! జట్టును గెలిపించిన శ్రావణి!"

"పైడితల్లి! పైడితల్లి అను!" రమీజా వాడి మోచెయ్యి పట్టి లాగింది. వాడు విదిలించుకుని ఇంకో రెండుసార్లు శ్రావణి అన్నాడు. గట్టు మీద కూర్చున్న శ్రావణి సిగ్గుతో ముఖం దాచుకుంది.

పైడితల్లి మోకాలి రక్తం తుడుచుకోకుండానే మైకు బల్ల దగ్గరికి వచ్చింది. "పట్టింది నేను. నా పేరు ఏ నోటితో తీసేశావు?"

"పొరపాటైంది. గెలిచారుగా, ఇంత గొడవెందుకు?" అన్నాడు ప్రద్యుమ్న.

రమీజాకు ఒళ్ళు మండిపోయింది. సీసా కింది చీటీ లాగి వాడి చేతిలో పెట్టింది. "తెలియక చేస్తే పొరపాటు. నీకు రాసిచ్చాను, చూడలేదు. నడు, వాళ్ళ నాన్నకు నువ్వే చెప్పు!"

గేటు బయట పైడితల్లి నాన్న అప్పన్న చెరుకుగడ పట్టుకుని దిగాలుగా నిలబడి ఉన్నాడు. "మా పిల్ల పేరు ఒక్కపాలి వినపడలేదు బాబూ. ఆడించలేదేటి?"

"ఆఖరి పట్టు ఆమెదేనండి. నేనే పేరు తప్పు చెప్పాను" అన్నాడు ప్రద్యుమ్న.

అప్పన్న ముఖం వెలిగింది. రసం తీసే మిషను ఆపేశాడు. "మా పిల్లదేనా? ఎలా పట్టింది? ఎడం కాలా, కుడి కాలా?"

ప్రద్యుమ్న చేతిలోని చీటీ తిప్పి చూశాడు; అందులో పేరు తప్ప ఏమీ లేదు.

"ఒక్కతే పట్టిందా, ఇంకెవరైనా వచ్చారా?"

అదీ చీటీలో లేదు.

"మరి అక్కడే ఉన్నావు కదా బాబూ?" అన్నాడు అప్పన్న. ఆయన కోప్పడలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు.

అన్ని మాటలు రాసుకొచ్చిన ఆ కుర్రాడు తల దించుకుని, "రమీజా, నువ్వు చెప్పు. నువ్వు చూశావు" అన్నాడు.

రమీజా మొదటి అడుగు నుంచీ చెప్పింది. కుడి కాలు, రెండు చేతులు, ఒక్కతే. అప్పన్న కళ్ళు తుడుచుకుంటూ విన్నాడు. పక్కనే నిలబడి ప్రద్యుమ్న కూడా ఆ పట్టు గురించి అప్పుడే మొదటిసారి విన్నాడు.

నీతి: ఇతరుల కష్టాన్ని కళ్ళారా చూడనివాడికి, దాని గురించి నోరెత్తే హక్కు లేదు.