పీతకు కొమ్మ

కొన్నాళ్లుగా ఖాసింకి తిండి సహించడం లేదు.

సముద్రం ఒడ్డునున్న ఆ చిన్న దర్గాలో జైనబ్ అమ్మకి ఇద్దరే శిష్యులు, అతనూ లతీఫూ. ఖాసిం కళ్లు మూసుకుని, పెదవి కదపకుండా దేవుణ్ణి తలుచుకుంటాడు. లతీఫ్ డప్పు కొడతాడు, గొంతెత్తి పాడతాడు, పాడుతూ పాడుతూ ఏడ్చేస్తాడు. ఆ పాట వింటే ఖాసింకి ఒళ్లు మండేది. తన దారే తప్పేమోనని లోపల భయమూ వేసేది. దర్గా విడిచి పోదామనుకున్నాడు.

ఒక ఉదయం నమాజు కాగానే అడిగేశాడు.

"అమ్మా, మా ఇద్దరిలో ఎవరి దారి గొప్పది?"

"పద, అలా ఒడ్డుకి వెళ్లొద్దాం" అందామె.

సరుగుడు చెట్ల పక్కన గుంజలకి వలలు ఆరేసి ఉన్నాయి. ఒక వల కింది అంచులో పీత చిక్కుకుంది. పైన, రాత్రి జీడితోటకి బయల్దేరిన పెద్ద గబ్బిలం రెక్క ఇరుక్కుని వేలాడుతోంది. రెండూ బతికే ఉన్నాయి.

"వీటిలో ఏది గొప్పదంటావు?"

"గబ్బిలమేనమ్మా. ఎగురుతుంది, పిల్లకి పాలిస్తుంది. పీతకేముంది? ఒంట్లో ఎముకైనా లేదు. తిన్నగా నడవడం కూడా రాదు."

"అయ్యో పాపం. అయితే దీన్నీ గొప్పదాన్ని చేద్దాం."

అమ్మ పీతని విడిపించి సరుగుడు కొమ్మ మీద పెట్టింది. దాని కాళ్లు గాల్లో కొట్టుకున్నాయి.

"ఎగురు తల్లీ, ఎగురు!"

"అమ్మా, చచ్చిపోతుంది!" ఖాసిం పీతని లాక్కుని నీళ్లలోకి పరుగెత్తాడు. వదలగానే అది పక్కపక్కకే పాక్కుంటూ అల కిందికి జారిపోయింది.

వెనక్కి తిరిగేసరికి అమ్మ గబ్బిలాన్ని కండువాలో చుట్టుకుని నీళ్లవైపు వస్తోంది.

"దీనికి కాస్త ఈత నేర్పుదామని."

"వద్దమ్మా, ఇలా ఇవ్వండి!"

ఖాసిం దాన్ని తీసుకెళ్లి జాగ్రత్తగా కొమ్మకి అందించాడు. గబ్బిలం తలకిందులుగా వేలాడుతూ కాసేపు ఊపిరి పీల్చుకుంది. రెక్క ముడిచింది, విప్పింది. ఉన్నట్టుండి కొమ్మ వదిలేసి, చెట్ల మీదుగా ఎగిరిపోయింది.

అమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మోకాళ్లదాకా తడిసిన ఖాసిం కూడా కొట్టాడు.

"ఇందాక ఏదో అడిగావు?" అందామె.

ఖాసిం పీత జారిపోయిన అలకేసి, గబ్బిలం ఎగిరిపోయిన చెట్లకేసి చూశాడు. ముఖం మెల్లగా విచ్చుకుంది.

"ఏం లేదమ్మా. ఆకలేస్తోంది. లతీఫ్ రొట్టెలు కాల్చి ఉంటాడు, పదండి."