చేపులమ్మ గుట్ట, ఆముదపు మొక్కు

పొట్టేళ్లబండ ఊరు దాటి, వాగు దిగి ఎక్కితే ఎర్రమట్టి గుట్ట ఒకటి కనిపిస్తుంది. దాని మీద రేకుల పందిరి కింద మోకాలెత్తు రాయి ఉంది. ఆమే శ్రీ చేపులమ్మ తల్లి. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు, పూజారి లేడు. రాయికి కళ్ళూ ముక్కూ చెక్కలేదు. ఏళ్ళ తరబడి ఆముదం పట్టి నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. తొలికాన్పు అయి పాలు పడక బాధపడే బాలింతలను వారి అత్తలు ఇక్కడికి తీసుకొస్తారు. కొబ్బరికాయ తేనక్కర్లేదు. చిన్న గిన్నెడు ఆముదం, మెత్తని పాతబట్ట, కాస్త ఓపిక తెచ్చుకుంటే చాలు. మొదటి రెండూ అందరూ తెస్తారు.

పశువు పొదుగులోకి పాలు దించడాన్ని చేపడం అంటారని పాడి ఉన్న ఇళ్ళలో అందరికీ తెలుసు. దూడ మూతి తగిలితే ఆవు చేపుతుంది. పాలు చేపించే తల్లి గనుక చేపులమ్మ అయింది. పట్నం నుంచి వచ్చిన కొందరు పేరు విని చేపల కూర నైవేద్యం తెస్తారు. వారిని చూసి నవ్వకండి. ఈ గుట్ట మీద అంతకంటే పెద్ద తప్పు జరిగింది.

పూర్వం ఇక్కడ కురుమల మందలు విడిసేవి. గొర్రెలు ఈనే కాలమంతా గుడిసెలు వేసుకుని వాళ్ళు ఈ గుట్ట మీదే ఉండేవారు. వారిలో బీరవ్వ అనే ఆమె, భర్త పోయాక కొడుకు రాజమల్లును వెంటబెట్టుకుని మందను నిలబెట్టింది. తొలి ఈత గొర్రెలు కొన్ని పొదుగు బిగబట్టి పిల్లను దగ్గరికి రానివ్వవు. అలాంటి గొర్రె పక్కన బీరవ్వ కూచుని, వేడి బట్టతో కాపడం పెట్టి, అరచేతికి ఆముదం రాసుకుని, పొదుగు మొదలు నుంచి కొసకు మెల్లగా నిమిరేది. గిల్లేది కాదు, పిండేది కాదు. చూస్తుండగానే గొర్రె చేపేది. “బీరవ్వ చెయ్యి పడితే బండ సుత చేపుతది” అని చుట్టుపక్కల మందలవాళ్ళు చెప్పుకునేవారు. ఆ పొగడ్త ఆమె చెవిన పడింది, తలకు కూడా ఎక్కింది.

రాజమల్లు భార్య ఐలవ్వ. తల్లి చిన్నప్పుడే పోవడంతో తొలికాన్పుకు పుట్టింటికి పంపే వీలు లేకపోయింది. మంద ఈనే రోజుల్లోనే ఈ గుట్ట మీద గుడిసెలో ఆడపిల్లను కన్నది. ముర్రుపాలు పసిపిల్లకు అరగవని అప్పటి నమ్మకం. మూడో రోజు దాకా బిడ్డను రొమ్ముకు చేర్చకుండా నాలుకకు బెల్లంనీళ్ళు రాశారు. గొర్రెపిల్లకు ముర్రుపాలు తాగించందే తాము ముద్ద ముట్టని జనం వాళ్ళు. మనిషి పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోయిందో ఎవరూ అడగలేదు.

మూడో రోజుకు ఐలవ్వ రొమ్ములు రాయిలా గట్టిపడ్డాయి. చర్మం బిగిసి మెరిసింది. ఒళ్ళు కాలిపోయింది. బిడ్డ నోటికి చనుమొన అందలేదు. కొంతసేపు పెనుగులాడి, ఏడ్చి ఏడ్చి వదిలేసింది. పురుడు పోసిన మంత్రసాని సాయవ్వ బయటికి వచ్చి బీరవ్వను పిలిచింది.

“వదినె, పాలున్నయి గని దిగుతలేవు. నీ చెయ్యి ఒక్కపారి వెయ్యి. పిల్ల బతుకుతది.”

బీరవ్వకు ఆ సంగతి తెలియక కాదు. కానీ మందకు ఒక కట్టుబాటు ఉంది. బాలింతను ముట్టిన చెయ్యి, పురిటిస్నానం అయ్యేదాకా గొర్రె పొదుగును ముట్టరాదు. ముడితే మంద ఒట్టిపోతుందని పెద్ద కురుమ ఓదెన్న మాట. సరిగ్గా ఆ రోజుల్లోనే తొలి ఈత గొర్రెలు వరసగా ఈనుతున్నాయి. బీరవ్వ గుడిసె వైపు చూసింది, దొడ్డి వైపు చూసింది.

“గొర్రెకు నోరు లేదు, మనిషికి ఉన్నది. ఒక రోజు ఆగుతది. కన్నంక పాలు వాటంతట అవే పడ్తయి” అంది.

“అట్లయితే నేను రాస్త.”

“నా కోడలికి ఇంకోళ్ళ చెయ్యెందుకు? బీరవ్వ ఇంట్లనే పాలు దిగలేదని ఊరూర చెప్పుకోవాల్నా? నువ్వు పో.”

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, అదే ఇది. సాయవ్వ ఆ మందవాళ్ళు పెట్టే గింజల మీద బతికే మనిషి. మూట సర్దుకుంది.

ఆ రోజంతా బీరవ్వ దొడ్డిలోనే ఉంది. గుడిసెలోంచి పసిపిల్ల ఏడుపు వినిపిస్తూనే ఉంది. ఈ గొర్రె చేపాక వెళ్దామనుకుంది. అది చేపాక ఇంకొకటి కాళ్ళు ఝాడించింది. రాజమల్లు గొర్రెపాలు వెచ్చబెట్టి గుడ్డపీలికతో బిడ్డ నోట్లో పిండాడు. బిడ్డ కక్కింది. పొద్దుగూకే వేళకు వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు.

“అవ్వా, పొల్ల సప్పుడు తగ్గింది. జర రావే.”

“పండుకున్నదేమో. తెల్లారనియ్యి. ఈ రెండు గొర్లు చేపినంక వస్త. మైలైతే అయితదని దేవునికి చెప్పుకుంట.”

ఏడుపు ఆగితే ఆకలి తీరినట్టు కాదని పిల్లల్ని కని పెంచిన ఆమెకు తెలియదా? తెలుసు. తెలిసే తనకు తాను అబద్ధం చెప్పుకుంది. తెల్లవారేసరికి బిడ్డ చల్లబడి ఉంది.

గుట్ట మీదే పాతిపెట్టి వచ్చారు. ఐలవ్వ రొమ్ముల పోటుకు పళ్ళు బిగబట్టి, జ్వరంతో వణుకుతూ పడి ఉంది. అప్పుడు వచ్చింది బీరవ్వ లోపలికి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆముదం వెచ్చబెట్టింది. కాపడం పెట్టింది. చంక వైపు నుంచి మొన వైపుకు, గడ్డ తగిలిన చోట ఆగి ఆగి, అరచేత్తో నిమిరింది. ఆ చెయ్యి నిజంగా గొప్ప చెయ్యే. కాసేపటికి ఒక బొట్టు వచ్చింది. తర్వాత ధార కట్టింది. రవిక తడిసింది, చాప తడిసింది, బీరవ్వ మోచేతుల దాకా పాలు కారాయి. తాగవలసిన బిడ్డ మాత్రం లేదు.

ఐలవ్వ కళ్ళు తెరిచి ఆ పాలను చూసింది. తర్వాత అత్త ముఖంలోకి చూసింది.

“ఈ చేతులు నిన్న యాడున్నయి అత్తా?”

బీరవ్వ చేతులు రెండూ కొంగులో దాచుకుంది. ఒళ్ళు తేలికపడ్డాక ఐలవ్వను అన్న వచ్చి తీసుకెళ్ళాడు. రాజమల్లు తీసుకురాబోతే ఆమె రానంది. మంద మాత్రం ఆ ఏడు ఎన్నడూ లేనంత పాలిచ్చింది. బీరవ్వకు ఒక్క చుక్క కూడా మింగుడుపడలేదు.

బిడ్డను పాతిన చోట ఆమె ఒక రాయి నిలబెట్టి, రోజూ దాని మీద గొర్రెపాలు పోసేది. ఒక మధ్యాహ్నం అక్కడే కునుకు పట్టింది. కలలో అవతలికి ముఖం తిప్పుకుని కూచున్న ఆడమనిషి కనిపించింది. “రాయికి పాలెందుకు పోస్తున్నవే? నాకు ఆకలి లేదు. ఆకలైన పిల్లలు ఊళ్ళల్ల ఉన్నరు. మైల నేను మోస్త, చెయ్యి నువ్వెయ్యి” అంది. ఒక్కసారి ముఖం చూపించమని బీరవ్వ కాళ్ళావేళ్ళా పడింది. ఆమె ఇటు తిరగలేదు. అందుకే అమ్మవారి రాయికి ముఖం చెక్కరు.

బీరవ్వ లేచి నేరుగా ఓదెన్న దగ్గరికి వెళ్ళింది. “ఇగ నేను గొర్రెను ముట్ట. నీ కట్టుబాటు నీ తాననే పెట్టుకో” అని వచ్చేసింది. ఆనాటి నుంచి గుట్ట మీదే ఉండిపోయి, ఏ వాడలో, ఏ కులంలో తొలికాన్పు బాలింతకు పాలు దిగలేదని విన్నా, పిలిచేదాకా ఆగకుండా వెళ్ళేది. నడవలేని కాలం వచ్చాక బాలింతలే గుట్టకు రాసాగారు. ఎందరో పిల్లలు ఆమె చేతి మీద బతికారు. జనం దండాలు పెట్టారు. ఆమెకు ఆ దండాలు ఎన్నడూ ఒంటబట్టలేదు.

కొన్నేళ్ళకు ఐలవ్వకు మారుమనువు జరిగి, మళ్ళీ కాన్పయింది. మళ్ళీ రొమ్ములు బిగిశాయి. ఈసారి ఆమె ఎవరి కోసమూ ఆగలేదు. బిడ్డను ఒళ్ళో వేసుకుని, అన్న కట్టిన బండిలో ఈ గుట్టకు వచ్చి రాయి ముందు కూచుంది. పైట తీయకముందు మళ్ళీ అదే మాట అడిగింది. బీరవ్వ ఆముదం రాసుకున్న చేతులు రెండూ ముందుకు చాపింది. పాలు దిగాయి. పసిపిల్ల గుటకలు వేస్తూ తాగుతుంటే, ఆ చప్పుడు వింటూ ముసలిది వెక్కి వెక్కి ఏడ్చింది. పిల్ల కడుపు నిండాక, ఒక్కసారి ఎత్తుకుంటానన్నట్టు చేతులు చాచింది.

“పాల కోసం వచ్చిన. నిన్ను మాఫీ చేసెతందుకు కాదు” అని, ఐలవ్వ బిడ్డను కొంగులో చుట్టుకుని గుట్ట దిగింది.

నేటికీ ఇక్కడ అదే ఆచారం నడుస్తోంది. గుట్ట మీద ఉన్నంతసేపు అత్త మనవణ్ణి గాని మనవరాలిని గాని ఎత్తుకోకూడదు. వాగు దాటాకే ఆ ముచ్చట. రాయికి ఆముదం రాసి, కోడలు పైట తీయకముందు అత్తను ఐలవ్వ అడిగిన మాటే అడగాలి. ఎంత పెద్దింటి అత్త అయినా చేతులు చాపి చూపించాలి. ఆ తర్వాతే కాపడం, ఆ తర్వాతే మర్దన. ఇలా భక్తితో చేసిన వారికి పాలు సమృద్ధిగా పడతాయనీ, పసిపిల్లలు ఆరోగ్యంగా ఎదుగుతారనీ నమ్మకం. జ్వరం ఉంటే మాత్రం ముందు ఆసుపత్రికి వెళ్ళి తర్వాత అమ్మ దగ్గరికి రండి. ముర్రుపాలు నేలపాలు చేసి వచ్చి ఇక్కడ పొర్లుదండాలు పెట్టకండి.

కోడలి ప్రశ్నకు అత్త జవాబు చెప్పాలన్న నియమం లేదు. అయినా చాలామంది ఉండబట్టలేక నోరు తెరుస్తారు. ఈ పందిరి కింద ఎక్కువగా వినిపించే మాట ఒక్కటే. “నాకెవ్వలు చెయ్యి వేసిన్రు బిడ్డా?” అంటారు. పాలు దిగేదాకా ఇద్దరూ ఏడుస్తూ అక్కడే కూచుంటారు.