ష్రైవ్ అనే పాత మాట

పది రోజులుగా బాలశౌరికి అన్నం సయించడం లేదు.

మరో నెలలో చర్చి ఫాదర్‌గా గురుపట్టం అందుకోవలసిన కుర్రాడు. మాటల పుట్టుపూర్వోత్తరాలంటే చెవి కోసుకుంటాడు. ఆ చెవే కొంప ముంచింది. గురువిద్యాలయం వంటమనిషి ఆరోగ్యమ్మ జపంలో "వరప్రసాదము" అనలేక "వరపెసాదం" అంటుంది. భోజనాల దగ్గర ఆవిడ గొంతు పెట్టి పలికి చూపించాడు. అందరూ విరగబడి నవ్వారు. తీరా చూస్తే, గుమ్మంలో పులుసు గిన్నెతో ఆరోగ్యమ్మ! ఆ రోజు నుంచి ఆవిడ గుడికి వస్తుంది గానీ నోరు విప్పదు.

చివరికి తప్పులన్నీ చెప్పుకుని పాపసంకీర్తనం చేసుకుందామని, నాలుగు పేజీలు రాసుకుని, వృద్ధగురువు రాయప్ప గారి గదికి వెళ్లాడు.

"ఏమిట్రా ఇది, పరీక్ష పేపరా?" అన్నారాయన.

"ఇంగ్లీషులో 'ష్రైవ్' అని పాత మాట ఉంది ఫాదర్. పాపం విని క్షమించడమని అర్థం. ఇప్పుడెవరూ వాడరు. దాని మూలం లాటిన్‌లో 'రాయడం'. అందుకే అన్నీ రాసుకొచ్చాను."

ఏడుపు గొంతులోనూ పాండిత్యం దాగలేదు, ఏం చేస్తాం!

రాయప్ప గారు అద్దాలు పెట్టుకుని ఓపిగ్గా చదివారు. ధ్యానంలో కునుకు తీయడం, పెద్దల మీద విసుక్కోవడం, అన్నీ ఉన్నాయి. ఆరోగ్యమ్మ సంగతి మూడో పేజీలో ఒక్క వాక్యం. అక్కడ ఆయన వేలు ఆగింది.

"మూలం సరిగ్గానే పట్టావు. కానీ రాసేదెవర్రా?"

"పాపం చేసినవాడు."

"కాదు. విన్నవాడు. డాక్టరు మందుచీటీ ఇచ్చినట్టు, ఏం చెయ్యాలో రాసిచ్చేవాడు."

కాగితం తిరగేసి ఒక్క ముక్క రాసి చేతికిచ్చారు. ఏ ఉపవాసమో అనుకుంటూ శౌరి చదివాడు. 'ఆరోగ్యమ్మ దగ్గర జపం నేర్చుకో' అని ఉంది.

అతని మొహం కందగడ్డలా అయింది.

"ఇంకేదైనా చెప్పండి ఫాదర్. ఎంత కష్టమైనా చేస్తాను."

"మందు రోగి రాసుకోడు నాయనా."

వంటింట్లో ఆరోగ్యమ్మ బియ్యంలో రాళ్లేరుతోంది. శౌరి ఎదురుగా నేలమీద చతికిలబడ్డాడు.

"తప్పయిపోయిందమ్మా. నాకు జపం నేర్పు."

ఆవిడ చేట పక్కన పెట్టింది. అతని మొహంలోకి చాలాసేపు చూసింది.

"నవ్వవు గదా బాబూ?"

శౌరి తల అడ్డంగా ఊపాడు. కళ్లనీళ్లు ఆగలేదు.

ఆవిడ కళ్లు మూసుకుని, గొంతెత్తి జపం మొదలుపెట్టింది.